స్పెయిన్ కొండల్లో, నదీ లోయల్లో సైకిల్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ పల్లెల్లో సైకిల్ మీద తిరిగొచ్చానని తెలిసినప్పటి నుంచి నాకు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. హైదరాబాద్, విశాఖ నుంచి అడిగేవాళ్లున్నారు, జర్మనీలోనో లండన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ పది రోజుల సెలవు చేతిలో పెట్టుకుని అడిగేవాళ్లున్నారు. అందరికీ పనికొస్తుందని జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను ఎక్కువగా తిరిగింది తూర్పు వైపు, అంటే తెరువెల్, క్వెంకా, గ్వాదలహారా జిల్లాల్లో. అందుకే ఉదాహరణలు అక్కడివే ఎక్కువ.

దారి ఎంచుకునేటప్పుడు

మొదటిసారి వెళ్తున్నాను. ఏ దారితో మొదలుపెట్టమంటారు?

ఓహోస్ నెగ్రోస్ పచ్చదారితో. తెరువెల్ జిల్లాలో ఉన్న ఇనుప గనుల నుంచి మధ్యధరా ఒడ్డున సగుంతో రేవు దాకా ఖనిజం మోయడానికి గత శతాబ్దం మొదట్లో వేసిన రైలు మార్గం అది. రైళ్లు ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు దాని మీద నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు తిరుగుతున్నారు. పొడవు దాదాపు 160 కిలోమీటర్లు, ఇలాంటి దారుల్లో స్పెయిన్‌లోకెల్లా పెద్దది. మూతపడ్డ రైలు మార్గాల్ని ఇలా మార్చిన దారుల్ని అక్కడ ‘వియా వెర్దే’ అంటారు. పచ్చదారి అని అర్థం. 1993లో మొదలైన ఈ పనిలో ఇప్పటికి దేశమంతా కలిపి 3,000 కిలోమీటర్లకు పైగా తయారయ్యాయి.

కొత్తవాళ్లకి ఇదే ఎందుకంటే, రైలు ఎక్కగలిగిన వాలు మనకీ సులువే. 3 శాతం దాటడం అరుదు. తెరువెల్ నుంచి సముద్రం వైపు వెళ్లండి. అలాగని మొదటి నుంచీ దిగుడే అనుకోకండి. 900 మీటర్ల ఎత్తున ఉన్న తెరువెల్ దాటగానే ఎస్కాందోన్ కనుమ దాకా, అంటే 1,200 మీటర్లకి పైగా ఎక్కాలి. ఆ తర్వాత సర్రియోన్, బర్రాకాస్, హేరికా, నవాహస్, సెగోర్బే మీదుగా నెమ్మదిగా కిందికి వస్తారు. బర్రాకాస్ దగ్గర పొద్దున చలికి జాకెట్ మెడ దాకా జిప్పు లాక్కున్నాను. అదే సాయంత్రం నారింజ తోటల మధ్య చొక్కా చేతులు మడిచి తొక్కాను. ఒక్క రోజులో రెండు రుతువులు చూపించే దారి అది. పక్కనే మామూలు రైలు మార్గం కూడా ఉంది కాబట్టి ఓపిక అయిపోతే ఏదో ఒక స్టేషన్లో ఆగిపోవచ్చు.

చిన్నపిల్లలతో వెళ్లాలి. రెండు రోజులే ఉంది. ఏదైనా చిన్న దారి చెప్పండి.

దక్షిణాన అందలూసియాలో ఒల్వేరా నుంచి ప్వెర్తో సెర్రానో దాకా ఉన్న పచ్చదారి. 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు, 4 వంతెనలు. విచిత్రం ఏమిటంటే ఈ దారిలో రైలు ఒక్కసారి కూడా నడవలేదు. 1920ల్లో పని మొదలుపెట్టారు, తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, పట్టాలు పడనే లేదు. మధ్యలో సఫ్రమగోన్ అనే పెద్ద రాతి కొండ మీద రాబందుల కాలనీ ఉంది. మన దగ్గర రాబందుని చూసిన పిల్లలు ఇప్పుడెవరూ లేరు. అక్కడ తల మీదుగా పదీ పదిహేను తిరుగుతుంటే సైకిల్ దిగి చూడకుండా ఉండలేరు. సొరంగాల్లో కొన్ని పొడవైనవి, కొన్నిట్లో దీపాలు వెలగవు. ప్రతి సైకిల్‌కీ ముందు లైటు తప్పనిసరిగా పెట్టండి.

నాకు జనం లేని కొండలు కావాలి. నిజంగా అలాంటి చోటు యూరప్‌లో మిగిలిందా?

మిగిలింది. తెరువెల్ జిల్లాలో చదరపు కిలోమీటరుకి 9 మందే ఉంటారు. 2011 లెక్కల ప్రకారం మన తెలంగాణలో 300 మందికి పైగా. ఆ తేడా మాటల్లో అర్థం కాదు, రోడ్డు మీద అర్థమవుతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మూడే కార్లు ఎదురైన రోజులు నాకున్నాయి. 1950, 60ల్లో పల్లెలు వదిలి మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా ఫ్యాక్టరీలకి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. ‘ఖాళీ చేయించిన స్పెయిన్’ అని అక్కడివాళ్లే బాధతో అంటారు.

నా సలహా అల్బర్రాసిన్ కొండలు, పై తాహో లోయ కలిపి ఒక చుట్టు. తెరువెల్‌లో మొదలుపెట్టి అల్బర్రాసిన్, అక్కడి నుంచి ఫ్రియాస్ దె అల్బర్రాసిన్, ఆ ఊరి పొలిమేరలో తాహో నది పుట్టిన చోటు. దాదాపు 1,600 మీటర్ల ఎత్తు. ఐబీరియా ద్వీపకల్పంలోకెల్లా పొడవైన నది, 1,007 కిలోమీటర్లు ప్రవహించి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలిసేది, అక్కడ చెంబుతో ముంచుకునేంత ఊట. ఆ చుట్టుపక్కల కొండల్లోనే తూరియా, హూకర్, కబ్రియెల్ కూడా పుడతాయి. అవి మూడూ మధ్యధరా వైపు పోతాయి. ఒక గట్టు ఎక్కి దిగితే నీళ్లు వేరే సముద్రానికి వెళ్తుంటాయి. నాసిక్ దగ్గర, అరేబియా సముద్రానికి అంత చేరువలో పుట్టి, మన రాజమండ్రి మీదుగా బంగాళాఖాతానికి వచ్చే గోదావరి గుర్తొచ్చింది నాకు.

అక్కడి నుంచి పెరలేహోస్ దె లాస్ త్రూచాస్ వైపు దిగితే తాహో లోతైన సున్నపురాయి లోయలో పడుతుంది. నీళ్లు పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. ఒకప్పుడు ఈ లోయలో నరికిన పైన్ దుంగల్ని నదిలో వదిలి, పొడవాటి కొక్కెం కర్రలతో తోలుకుంటూ వారాల తరబడి కిందికి తీసుకెళ్లేవాళ్లు. ‘గంచేరోలు’ అంటారు వాళ్లని. కలప తెప్పలు నడిపే ఈ విద్యని 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. స్పెయిన్‌తో పాటు మరో అయిదు దేశాల పేర్లున్నాయి అందులో.

తిరుగుదారిలో మోలినా దె అరగోన్, ఒరివేలా దెల్ త్రెమెదాల్ మీదుగా వచ్చేయొచ్చు. తొందర పడకుండా 7 రోజులు పెట్టుకోండి.

నది పక్కన దారి అంటే చదునుగానే ఉంటుంది కదా?

కాదు. ఈ ఒక్క పొరపాటు వల్లే చాలామంది ప్లాను రెండో రోజుకే చెడిపోతుంది. కృష్ణా కరకట్ట మీద తొక్కినట్టు ఉంటుందనుకుంటారు. స్పెయిన్ నదులు పై భాగంలో ఇరుకు లోయల్లో పారతాయి. అడుగున కాలిబాటకే చోటుంటుంది, రోడ్డు గట్టు మీదికెక్కి మళ్లీ నదికి దిగి మళ్లీ ఎక్కుతుంది. మ్యాపులో ‘నది వెంట 40 కిలోమీటర్లు’ అని కనిపించింది కాళ్ల లెక్కలో 900 మీటర్ల ఎక్కుడు కావచ్చు.

చదును కావాలంటే ఎబ్రో నది మధ్య భాగం చూడండి. కంతాబ్రియాలోని ఫోంతిబ్రే దగ్గర పుట్టి 930 కిలోమీటర్లు పారే నది అది. లొగ్రోన్యో నుంచి తుదేలా, సరగోసా దాకా ద్రాక్షతోటలు, కూరగాయల మళ్ల మధ్య తేలికైన దారి. మొదటి భాగం మాత్రం బుర్గోస్ జిల్లాలో లోతైన లోయలే.

ఎబ్రో లోయలో గాలి మనిషిని పడేస్తుందని విన్నాను. నిజమేనా?

నిజమే. ‘సియెర్సో’ అని వాయవ్యం నుంచి వీచే చల్లని పొడిగాలి. లోయ పొడవునా గొట్టంలో ఊదినట్టు వస్తుంది. అందుకే ఎబ్రో వెంట ఎప్పుడూ నది పారే దిక్కుకే వెళ్లండి, గాలి వీపు మీద తోస్తుంది. నేను ఒకసారి తెలివి తక్కువగా సరగోసా నుంచి పైకి బయలుదేరాను. గంటకి 8 కిలోమీటర్లు. చదును రోడ్డు మీద కొండ గేర్లో తొక్కి, సాయంత్రానికి అనుకున్నదాంట్లో సగం ఊళ్లు కూడా దాటలేదు.

కమీనో దె సాంతియాగో సైకిల్ మీద చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. వాయవ్య స్పెయిన్‌లోని సాంతియాగో చర్చికి క్రైస్తవులు నడిచి వెళ్లే పాత యాత్రాదారులవి. సాంతియాగోలో యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇవ్వాలంటే నడిచేవాళ్లకి చివరి 100 కిలోమీటర్లు చాలు, సైకిలువాళ్లకి 200. ఆ దారుల్లో ఒకటైన ఫ్రెంచి కమీనోలో పోన్‌ఫెర్రాదా నుంచి మొదలుపెడితే ఆ లెక్క సరిపోతుంది. దారి పొడవునా ముద్రలు వేయించుకునే యాత్రా పుస్తకం ఒకటి ఇస్తారు, పోగొట్టుకోవద్దు. ప్రభుత్వ, చర్చి సత్రాల్లో నడిచొచ్చినవాళ్లకే మొదటి చోటు, అది న్యాయమే. వేసవిలో సైకిలువాళ్లు ప్రైవేటు సత్రాలు ముందే మాట్లాడుకోవడం మంచిది. ఇరుకు బాటల్లో నడిచేవాళ్ల వెనక గంట కొట్టి విసిగించకండి, పక్కనున్న రోడ్డు మీదికి వెళ్లిపోండి.

ఏ నెలలో వెళ్లాలి?

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. ఇదే నా జవాబు. జూలై, ఆగస్టుల్లో అందలూసియాలో 40 డిగ్రీలు దాటుతుంది. మనకి ఎండ అలవాటే కదా అంటారు కొందరు. నీడలో కూర్చునే ఎండకీ, 15 కిలోల సామానుతో ఎత్తెక్కే ఎండకీ పోలిక లేదు. వేసవి సెలవే దొరికితే ఉత్తరాన అస్తూరియాస్, కంతాబ్రియా వైపు వెళ్లండి. వాన పడుతుంది కానీ చల్లగా ఉంటుంది.

చలి సంగతీ చెప్పాలి. తెరువెల్, కలమోచా, మోలినా దె అరగోన్ మధ్య ప్రాంతాన్ని ‘చలి త్రికోణం’ అంటారు. మోలినాలో 1952లో మైనస్ 28 డిగ్రీలు నమోదైంది. మేలో కూడా అక్కడ తెల్లవారుజామున సీటు మీద మంచు పేరుకుని ఉంటుంది.

సెప్టెంబరు చివర్లో ఆ అడవుల్లో ఇంకో సంగతి ఉంది. మగ దుప్పులు జోడు కోసం బొబ్బరిస్తాయి. సాయంత్రం లోయకి అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. మొదటిసారి విన్నప్పుడు ఏ జంతువో తెలియక సైకిల్ పట్టుకుని కదలకుండా నిలబడిపోయాను.

రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? నేను ఇక్కడ 100 సులువుగా తొక్కుతాను.

అక్కడ 50, 55 పెట్టుకోండి. సామానుతో, 800 నుంచి 1,000 మీటర్ల ఎక్కుడుతో అది నిండు రోజు. ఇంకో మాట, కిలోమీటర్లు కాదు, ఊళ్లు లెక్కపెట్టండి. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో బార్ తెరిచి ఉంటుంది, తర్వాతి ఊరికి మధ్య ఎంత ఎత్తు ఉంది అని ఒక కాగితం మీద రాసుకుంటే మీ రోజు దానంతట అదే తేలిపోతుంది. జనం తక్కువున్న ఆ కొండల్లో ప్లాను చెడేది కాళ్ల వల్ల కాదు, రెండు ఊళ్ల మధ్య దూరం వల్ల.

మా దగ్గర అన్నీ చదును రోడ్లే. కొండలకి ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

హైదరాబాద్ వాళ్లయితే వికారాబాద్ అనంతగిరి, ఇంకాస్త ఓపికుంటే శ్రీశైలం ఘాట్. విశాఖ వాళ్లకి అరకు ఘాట్ ఉంది, రాయలసీమ వాళ్లకి హార్స్‌లీ హిల్స్ ఉంది. వేగం కోసం కాదు, బ్యాగుల్లో 12 కిలోల బరువు పెట్టుకుని రెండు గంటలు ఆగకుండా నెమ్మదిగా ఎక్కడం అలవాటు చేసుకోండి. వరసగా రెండు రోజులు చేసి చూడండి. ఒంటి సంగతి రెండో రోజే తెలుస్తుంది.

సైకిల్ టూర్‌కి వీసా ఇస్తారా? రోజుకో ఊళ్లో ఉంటాను కదా, హోటల్ బుకింగ్ ఎలా చూపించాలి?

అందరికీ ఇచ్చే షెంగెన్ టూరిస్టు వీసానే, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. 180 రోజుల్లో 90 రోజులకి మించకుండా ఉండొచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. పెద్దలకి ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వైద్య ఖర్చులకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. సైకిల్ తొక్కడం దాని పరిధిలోకి వస్తుందో లేదో చదివి తీసుకోండి, కొన్నిట్లో రాదు.

బుకింగుల సంగతికొస్తే, రోజువారీ పట్టిక ఒక పేజీలో రాసి, ఆ ఊళ్లలో రద్దు చేసుకునే వీలున్న గదులు నిజంగానే బుక్ చేసి చూపించండి. దొంగ కాగితాలు పెట్టొద్దు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి విడిగా వీసా అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న భారత పాస్‌పోర్టువాళ్లకి కావాలి.

సైకిలు, సామాను

సైకిల్ ఇక్కణ్ణుంచే తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా?

10 రోజుల్లోపు అయితే అద్దెకి, అంతకి మించితే మీ సైకిలే. వాలెన్సియా, మాడ్రిడ్ లాంటి పెద్ద ఊళ్లలో బ్యాగులు కట్టుకునే క్యారియర్‌తో సహా అద్దెకిస్తారు. తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి బ్రేకు దిమ్మలు విప్పించి చూడండి. నేను ఒక షాపువాళ్ల మాట నమ్మి చూడకుండా బయలుదేరాను. మొదటి పెద్ద దిగుడులో ఇనుము ఇనుముని గీరుతున్న చప్పుడు మొదలైంది, 11 కిలోమీటర్లు నడిపించుకుంటూ దిగాను.

గేర్లు, టైర్లు ఎలాంటివి ఉండాలి?

అన్నిటికన్నా తేలిక గేరులో పెడల్ దగ్గరున్న పళ్లచక్రానికి వెనక పళ్లచక్రం కన్నా తక్కువ పళ్లుండాలి. ముందు 30, వెనక 36 అయితే బాగుంటుంది. టైరు వెడల్పు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. రేసు సైకిల్ సన్న టైర్లతో తారు రోడ్డు మీద పోగలరు కానీ మట్టిదారి వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరగాల్సి వస్తుంది. స్పెయిన్ అందమంతా ఆ మట్టిదారుల్లోనే ఉంది.

పంక్చర్లు ఎక్కువా?

వేసవి చివర్లో ఎక్కువే, కారణం మనకి బాగా తెలిసినదే. మన చేలగట్ల మీద కాళ్లకి గుచ్చుకునే పల్లేరు కాయలు అక్కడా ఉన్నాయి. ‘అబ్రోహో’ అంటారు. మొక్క అదే, ముల్లు అదే. ఒక మధ్యాహ్నం చెట్టు నీడ చూసి రోడ్డు దిగి సైకిల్ ఆనించాను. ముందు టైరులో 9, వెనక టైరులో 14 ముళ్లు లెక్కపెట్టి పీకాను. ట్యూబ్‌లెస్ టైర్లలో చిల్లుల్ని పూడ్చే ద్రవం (సీలెంట్) పోసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ట్యూబులే వాడితే రెండు స్పేర్, ప్యాచ్‌లు ఉంచుకుని, ఆగినప్పుడు సైకిల్‌ని రోడ్డు అంచు దాటించకండి.

ఎంత సామాను మోసుకెళ్లాలి?

టెంటు లేకుండా 8 కిలోలు, టెంటుతో 14. రెండు జతల బట్టలు చాలు, పొడిగాలికి రాత్రి ఉతికినవి పొద్దునకి ఆరిపోతాయి. ఎంత వేసవైనా గాలిని ఆపే జాకెట్, చేతి తొడుగులు వదలొద్దు. చెమటతో కనుమ ఎక్కి 15 కిలోమీటర్లు దిగేటప్పుడు వేళ్లు బ్రేకు పట్టలేనంత బిగుసుకుపోతాయి.

స్పెయిన్ రైళ్లలో, బస్సుల్లో సైకిల్ ఎక్కనిస్తారా?

ఊళ్ల చుట్టూ తిరిగే సెర్కానియాస్ లోకల్ రైళ్లలో, ప్రాంతీయ రైళ్లలో ఎక్కించవచ్చు. ప్రాంతీయ రైళ్లలో సైకిళ్లకి చోట్లు కొన్నే కాబట్టి టికెట్ కొనేటప్పుడే సైకిల్ ఉందని చెప్పండి. హైస్పీడ్ రైళ్లలో నిండు సైకిల్ ఎక్కనివ్వరు, మడిచో, చక్రాలు విప్పి సంచిలో పెట్టో తీసుకెళ్లాలి. దూరపు బస్సుల్లో కూడా సంచి అడుగుతారు. పల్చటి నైలాన్ సంచి ఒకటి బ్యాగు అడుగున పడేసుకుంటే రెండు చోట్లా పని జరుగుతుంది.

రోడ్డు మీద

కార్లవాళ్లు గౌరవిస్తారా? హైవే అంటేనే టెన్షన్‌గా ఉంది.

నేను తొక్కిన దేశాలన్నిట్లో నాకు ధైర్యంగా అనిపించింది ఇక్కడే. సైకిల్‌ని దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం వదలాలని చట్టం. ఒకే వైపు రెండు లేన్లుంటే పూర్తిగా పక్క లేన్‌లోకి మారే దాటాలి. మలుపుల కనుమల్లో లారీవాళ్లు కూడా అర కిలోమీటరు దాకా మన వెనకే ఓపిగ్గా వస్తారు. మీరు పక్కకి తప్పుకుంటే చెయ్యి ఎత్తి వెళ్తారు.

మన వంతు కూడా ఉంది. ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. 16 ఏళ్లలోపు పిల్లలకి ఊళ్లోనూ తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోన్లు నిషేధం. రాత్రి ముందూ వెనకా లైట్లు, వెలుతురుకి మెరిసే చొక్కా ఉండాలి. తాగి సైకిల్ తొక్కినా జరిమానా వేస్తారు. కుడి పక్కన వెళ్లాలన్నది రెండు రోజుల్లో అలవాటవుతుంది కానీ ఖాళీ కూడలిలో, పొద్దున్నే నిద్రమత్తులో తప్పు చేస్తాం. హ్యాండిల్ మీద కుడివైపు చిన్న రంగు టేపు అంటించుకోండి, నేను అలాగే చేశాను.

తాగునీళ్లు ఎక్కడ దొరుకుతాయి?

ప్రతి ఊరి నడిబొడ్డున రాతి తొట్టితో ‘ఫ్వెంతే’ ఉంటుంది. చర్చి ముందో, పంచాయతీ ఆఫీసు ముందో చూడండి, పగలూ రాత్రీ నీళ్లు పడుతుంటాయి. పలక మీద ‘పోతాబ్లే’ అని ఉంటే తాగొచ్చు. ‘నో పోతాబ్లే’ అని ఉంటే తాగకండి. ‘నో త్రతాదా’ అంటే శుద్ధి చేయని ఊటనీళ్లని అర్థం. అలాంటిచోట ఊరివాళ్లు పట్టుకుంటుంటే అడిగి పట్టుకోండి. వేసవిలో కొన్ని ఎండిపోతాయి. 30 కిలోమీటర్లు ఊరు లేని చోటికి వెళ్లేముందు 3 లీటర్లు నింపుకోండి. శ్మశానాల గేటు దగ్గర సాధారణంగా కుళాయి ఉంటుంది. మనవాళ్లకి మనసొప్పదు కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు గుర్తుంచుకోండి.

గొర్రెల మంద కాపలా కుక్కలు వెంటపడతాయా?

పడతాయి. మస్తీన్ జాతి, దూడంత ఉంటాయి. తోడేళ్ల నుంచి మందని కాచడం వాటి పని. మనం మంద వైపు వేగంగా వచ్చే ఏదో వస్తువులా కనిపిస్తాం. తొక్కి తప్పించుకోవాలని చూడకండి, రాయి ఎత్తకండి. దిగండి, సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య పెట్టుకోండి, మెల్లగా మాట్లాడుతూ మందకి దూరంగా చుట్టు తిరిగి నడవండి. మనిషని గుర్తుపట్టగానే చాలావరకు మొరుగుడు తగ్గి వెనక్కి పోతాయి.

ఆ మందలు నడిచే దారుల గురించి కూడా తెలుసుకోవాలి. 1273లో పదో అల్ఫోన్సో రాజు గొర్రెల కాపరుల సంఘానికి హక్కులిచ్చాడు. వాళ్ల పెద్ద దారుల వెడల్పు 75 మీటర్లు, ఇప్పటికీ చట్టం వాటిని కాపాడుతోంది. అల్బర్రాసిన్ కొండల నుంచి కొన్ని కుటుంబాలు నేటికీ చలికాలానికి మందల్ని దక్షిణాదికి తోలుకెళ్తాయి. గ్వాదలవియార్ అనే చిన్న ఊళ్లో ఈ వలస మీద ఒక మ్యూజియం ఉంది. ఆ దారుల్లో సైకిల్ వెళ్లొచ్చు, మంద వస్తే మాత్రం దారి దానిదే.

వాన పడితే మట్టిదారిలో వెళ్లొచ్చా?

తెరువెల్ ఎర్రమట్టిలో వెళ్లకండి. మన నల్లరేగడి లాంటిదే. పది మీటర్లలో చక్రానికీ ఫోర్క్‌కీ మధ్య దట్టంగా నిండిపోయి సైకిల్ తిరగదు, బలవంతం చేస్తే వెనక గేరు కొక్కెం విరుగుతుంది. వాన ఆగాక ఒక పూట ఎండనివ్వండి, లేదంటే తారు రోడ్డు పట్టుకోండి.

అడవిలో వేటగాళ్లుంటారట, ప్రమాదమా?

అక్టోబరు నుంచి శని, ఆదివారాల్లో అడవిపంది వేట జరుగుతుంది. దారి మొదట్లో ‘బతీదా’ అని బోర్డు పెడతారు. అది కనిపిస్తే వేరే దారిలో వెళ్లండి. ఆ నెలల్లో మెరిసే రంగు చొక్కా వేసుకోవడం మంచిది.

తిండి, పడక

నేను శాకాహారిని. అక్కడ బతకగలనా?

బతకొచ్చు, కానీ అడిగే పద్ధతి తెలియాలి. ‘మాంసం వద్దు’ అంటే వాళ్ల లెక్కలో పంది హామ్ మాంసంలోకి రాదు. హామ్‌కి పేరుపడ్డ తెరువెల్‌లో అయితే మరీను. ట్యూనా చేప సలాడ్ మీద ఎలాగూ ఉంటుంది. అందుకే విడివిడిగా చెప్పండి: ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ అతూన్.’ మాంసం, హామ్, ట్యూనా లేకుండా అని. గుడ్డు తింటే సమస్య సగం తీరినట్టే. బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్ ‘తోర్తియ్యా’ ప్రతి బార్‌లో దొరుకుతుంది, బ్రెడ్ మధ్య పెట్టి కట్టి ఇమ్మంటే దారిలో తినొచ్చు. గుడ్డు కూడా తిననివాళ్లకి టమాటా రుద్దిన బ్రెడ్, కూరగాయల ‘పీస్తో’, వేయించిన మిరపకాయలు, చల్లని టమాటా సూప్ గస్పాచో, గొర్రె పాల జున్ను (చీజ్). పప్పుచారులా కనిపించే శనగల, మసూర్ పప్పు పులుసుల్లో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ముక్క ఉంటుంది, అడగకుండా తినొద్దు.

పొడులు తీసుకెళ్లండి. వేడి బంగాళాదుంపల మీద కందిపొడి చల్లుకుని ఆలివ్ నూనె పోసుకుంటే ఆ రుచి నేను ఇంటికొచ్చాక కూడా చేసుకుంటున్నాను. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తేనివ్వరు.

మధ్యాహ్నం అన్నీ మూసేస్తారట కదా?

షాపులు రెండింటికి మూసి అయిదింటికి తెరుస్తారు. ఆదివారం చాలాచోట్ల అసలు తెరవరు. భోజనం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా, రాత్రి తొమ్మిదికి ముందు వంటగది వెలగదు. చిన్న ఊళ్లలో ఉన్న ఒక్క బార్‌కీ వారంలో ఒక రోజు సెలవు. అందుకే ఉదయం పదకొండుకల్లా ఆ పూట తిండి, రాత్రికి బ్రెడ్, జున్ను, పళ్లు బ్యాగులో ఉండాలి.

రోజు భోజనం ‘మెనూ దెల్ దియా’ ఒక్కటి తింటే కడుపు నిండుతుంది. రెండు వంటకాలు, బ్రెడ్, చివర్లో తీపి లేదా కాఫీ. పల్లెల్లో సుమారు 12 నుంచి 18 యూరోలు. దాని తర్వాత వెంటనే ఎత్తెక్కకండి. చెట్టు నీడలో ఒక గంట పడుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, కంగారేమీ లేదు.

ఎక్కడ పడుకోవాలి? టెంటు వేసుకోవచ్చా?

‘ఓస్తాల్’ అంటే మన హాస్టల్ కాదు, కుటుంబం నడిపే చిన్న లాడ్జి. ‘కాసా రూరల్’ పల్లెటూరి ఇల్లు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే లాభం. ఎక్కడ దిగినా పాస్‌పోర్టు అడిగి వివరాలు రాసుకుంటారు, అది వాళ్ల చట్టం. సైకిల్‌కి చోటుందా అని ముందే అడగండి. గ్యారేజీలోనో వంటసామాను గదిలోనో పెట్టించుకుంటారు.

బయట ఎక్కడంటే అక్కడ టెంటు వెయ్యడం కుదరదు. రూల్స్ ఒక్కో ప్రాంతానికి ఒక్కోలా ఉంటాయి, రక్షిత అడవుల్లో సాధారణంగా నిషేధం. క్యాంపింగ్ స్థలాలు వాడండి, లేని ఊళ్లో పంచాయతీ ఆఫీసులో అడగండి. వేసవిలో అడవిలో పొయ్యి వెలిగించాలన్న ఆలోచనే వద్దు. ఒక నిప్పురవ్వకి కొండలే కాలిపోయిన చోటది.

స్పానిష్ రాదు. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా?

పల్లెల్లో ఇంగ్లీషు ఉండదు. ముప్పై మాటలు నేర్చుకోండి, అందులో మొదటిది ‘బ్వేనాస్’. బార్‌లోకి అడుగు పెట్టగానే లోపలున్నవాళ్లందరికీ వినపడేలా ఆ మాట అనాలి. అనకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి పోయినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. అన్నవాడికి కుర్చీ జరుగుతుంది. మన అచ్చులు వాళ్ల అచ్చులకి దగ్గర, తెలుగులో రాసుకుని చదివితే వాళ్లకి చక్కగా అర్థమవుతుంది.

ఏదైనా తేడా వస్తే

కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి?

నంబరు 112. పోలీసు, అంబులెన్స్, ఫైర్ అన్నిటికీ అదే. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఈ కాల్ వెళ్తుంది. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద ఉన్న రోడ్డు నంబరు, కిలోమీటరు అంకె చదివి చెబితే చాలు, మిమ్మల్ని కనుక్కుంటారు. లోతు లోయల్లో ఏ టవరూ అందదు కాబట్టి రాత్రి బస చేసిన చోట ఎటు వెళ్తున్నారో చెప్పి బయలుదేరండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలిస్తుంది. నారింజ, ఎరుపు ఉన్న రోజు బయలుదేరకండి.

ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పను?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి అమ్మాయికీ నేను చెప్పేది, మొదటిసారి పచ్చదారి మీద వెళ్లమని. ఊళ్లు దగ్గరగా, దారి తప్పే అవకాశం లేకుండా ఉంటుంది. రోజూ సాయంత్రం ఒకే వేళకి ఇంటికి ఫోన్ చేస్తామని మాటిచ్చి నిలబెట్టుకోండి, ఇంట్లోవాళ్ల భయం అక్కడే సగం తగ్గుతుంది. ఆ దారుల్లో ఒంటరిగా తొక్కే ఆడవాళ్లు నాకు చాలాసార్లు ఎదురయ్యారు. సర్రియోన్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని బ్రెడ్ తిన్న ఒకావిడకి అరవై దాటి ఉంటాయి. మోకాలికి కట్టు కట్టుకుని, ఒక్కతే సముద్రం దాకా వెళ్తోంది.

పల్లెల్లో మనలాంటివాళ్లని ఎలా చూస్తారు?

ముందు తేరిపార చూస్తారు. అది మన పల్లెల్లో కొత్త మనిషిని చూసే చూపే. ‘బ్వేనాస్’ అనగానే ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఒక్కడివేనా, పెళ్లయిందా అని వరస కడతారు. పై తాహో దగ్గర ఒక ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి ఫ్వెంతే దగ్గర సీసా పెట్టాను. సన్నటి ధార. కిటికీలోంచి చూస్తున్న ఒక పెద్దాయన చేతికర్రతో దిగొచ్చి, ఏమీ మాట్లాడకుండా నా సీసా తీసుకుని, వీధి చివర ఇంకో కుళాయికి తీసుకెళ్లి నింపాడు. అదే చల్లగా ఉంటుందట. చలికాలంలో ఆ ఊళ్లో ఉండేది పదకొండు మందేనని వేళ్లు మడిచి చూపించాడు. పదకొండోది ఆయన కుక్క.